నష్టం గడి

ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనని మాట: అక్క బొమ్మల్ని ఎవరైనా మెచ్చుకుంటే నాకు కడుపు మండిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఇద్దరం కలిసి ఇంట్లో ఒక పేకాట తయారు చేశాం. ఆడేవాళ్ళు తలా ఒక వేషం కార్డు తీసుకోవాలి. ప్రతి వేషానికీ ఓ శక్తి, ఆ శక్తి వాడితే ఓ నష్టం. నష్టం లేని శక్తిని ఆటలోకి రానివ్వకూడదని అక్క కట్టడి. శక్తి కార్డు ముందువైపు, నష్టం వెనక గడిలో. వాడినప్పుడల్లా అంచున పెన్సిల్‌తో చుక్క పెట్టాలి.

అక్క చేసిన 'దొంగచెవి', 'గొళ్ళెం' కోసం అందరూ కొట్టుకునేవారు. నా వేషాలు అడుగునే పడి ఉండేవి. "నీవీ బాగున్నాయే పిచ్చుకా," అనేది అక్క. ఆ జాలికే నాకు ఒళ్ళు మండేది.

ఓ సాయంత్రం అచ్చు ప్రెస్సాయన వస్తానన్నాడు. ఆట నచ్చితే అక్క పేరుతో అచ్చు వేస్తాడట. నా ఊసే లేదు. అక్క తన ముఖమే గీసి కొత్త వేషం చేసింది. ఎవరి చేతిలోని ముక్కనైనా లాక్కోవడం దాని శక్తి. తను చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, వెనక పెన్సిల్‌తో రాసుకున్న నష్టాన్ని రబ్బరుతో చెరిపి నేను రాశాను: 'వాడిన ప్రతిసారీ గదిలో ఒకరు ఈమెను మరచిపోతారు.'

ఎవరో చదివి నవ్వాలని, ప్రెస్సాయన ముందు తను తెల్లమొహం వెయ్యాలని. అంతే కోరుకున్నాను... అంతేనా?

ఎదురింటి టైలరు కూడా వచ్చి కూర్చున్నాడు. నలుగురం. బయట వాన. కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు పాలిపోయిన వెలుగులో తడి గోడల వాసన, ఆరని రంగుల వాసన. కిటికీ రెక్క టక్... టక్ మంటోంది.

అక్క టైలరు చేతిలోంచి ముక్క లాగి, చుక్క పెట్టింది. తను రాసుకున్న నష్టం తనకు కంఠతా, కార్డు తిప్పి చూడదు. టైలరు నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈవిడెవరమ్మా?"

ఆరేళ్ళుగా అక్క బట్టలు కుట్టేది ఆయనే. "టేపు పెట్టి చూడండి, గుర్తొస్తాను," అంది అక్క నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

అక్క మళ్ళీ ముక్క లాగింది. రెండో చుక్క. ప్రెస్సాయన తర్వాతి ఆటకు ముక్కలు పంచాడు. ముగ్గురికే.

ఆపుదాం అనాలి. ఈలోగా ఆయన నావైపు తిరిగి, ఈ వేషాలన్నీ నువ్వే గీశావా, నీ చేతిలో పనితనం ఉందమ్మా అన్నాడు.

ఔనన్నాను.

అక్క నన్నే చూసింది. ఉక్రోషంగా ఆయన చేతిలోంచి ముక్క లాక్కుంది. మూడో చుక్క... అప్పుడే అమ్మ టీ తెస్తూ గదిలోకి అడుగు పెట్టింది. మూడు కప్పులు.

"నీ స్నేహితురాలు కూడా వస్తుందని చెప్పొద్దూ," అంది నాతో, అక్కను చూస్తూ.

అక్క మెల్లగా కార్డు తిప్పింది. చదివింది.

"ఇవి నీ అక్షరాలే," అంది గుసగుసగా.

కార్డు నా ముందు పెట్టి, చేతిలో ఫోనుతో, చెప్పులు కూడా లేకుండా వానలోకి వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులైంది. అక్క మంచం మీద అమ్మ ఉతికిన బట్టలు పేరుస్తోంది. ఆట నా పేరుతో అచ్చవుతోంది. ఒక్కసారైనా అక్కకు ఫోన్ చెయ్యలేదు. తిరిగొస్తే అచ్చు ఆగిపోతుందని.

ఆ రాత్రే కార్డును సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇప్పుడే తీశాను. అంచున చుక్కలు... నాలుగు.

నాలుగోది నేను పెట్టలేదు. పెన్సిల్ పొడి ఇంకా వేలికి అంటుతోంది.

ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళలో మరచిపోకుండా ఇక మిగిలింది నేనూ, అక్కా. నాకు అక్క గుర్తుంది. బొటనవేలి మీది రంగు మరకతో సహా గుర్తుంది.

అంటే...

ఫోను చేతిలోకి తీసుకున్నాను. చేస్తాను. ఎత్తితే, తనెవరో తనకు చెప్పాలి. ఆ బొమ్మలు ఎవరివో కూడా.