ఆకుపచ్చ చుక్కలు

తల్లి చేతిపనిని కూతురు చెరిపేసింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆయన తన కళ్లతో చూశాడు.

రోజూలాగే ఆ పొద్దున కూడా లేచి, టీ తాగి, ముందు గది కిటికీలు తీశాడు. ఆ గదే వాళ్ల వర్క్‌షాపు. అరల నిండా పాతకాలపు కొలత యంత్రాలు. వోల్టు మీటర్లు, సిగ్నల్ జనరేటర్లు, గుండ్రటి తెర మీద వెలుగు గీత గీసే ఆసిలోస్కోపులు. పారేయడానికి మనసొప్పని వాళ్లు ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చి ఇస్తారు. ఆయన భార్య వాటికి ప్రాణం పోసేది. ఆయన తొడుగుల సంగతి చూసేవాడు. సొట్టలు తీయడం, తుప్పు గీకడం, రంగు వేయడం. లోపలి పని ఆమెది, బయటి పని ఆయనది. ఆమె పోయాక లోపలి పని కూతురి చేతికి వచ్చింది.

మూల బల్ల మీద ఒక స్కోపు ఎప్పుడూ గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఆమె చివరగా బాగుచేసిన జతలో అదొకటి. రెండూ ఒకే పోలికతో ఉంటాయని ఆమె వాటిని కవలలు అనేది. ఒకటి కూతురి బల్ల మీద రోజూ పనిచేస్తోంది. రెండోదాన్ని ఆయన ఎవరినీ ముట్టనివ్వలేదు. ప్లగ్గు పీకేసి, గుడ్డ కప్పి, ఏళ్లుగా కాపాడుకుంటూ వచ్చాడు. దాని లోపల ఆమె చెయ్యి ఉంది. కొలత సరిచేశాక స్క్రూ మళ్లీ కదలకుండా దాని తల మీద ఎర్రటి గోళ్ల రంగు చుక్క పెట్టడం ఆమె అలవాటు. ఆ చుక్క ఉందంటే అది ఆమె ఇచ్చిన మాట. ఎవరు ఎక్కడికి పట్టుకెళ్లి కొలిచినా ఆ మాట తప్పయ్యేది కాదు. ఆమె తాలూకు చీరలు, చెప్పులు ఎవరికో ఇచ్చేశాడు. ఇది మాత్రం ఉంచుకున్నాడు.

దుమ్ము దులుపుదామని గుడ్డ తీశాడు. పక్క రేకు స్క్రూల తలల మీది గాడులు తలో దిక్కు చూస్తున్నాయి. ఆయన బిగిస్తే అన్నీ ఒకే దిక్కు చూస్తాయి. అనుమానం వచ్చి రేకు విప్పాడు. ఎర్ర చుక్కలు ఉండాల్సిన చోట ఆకుపచ్చ చుక్కలు ఉన్నాయి. ఆకుపచ్చ కూతురి రంగు.

"అమ్మాయ్!"

కూతురు టీ గ్లాసుతో వంటింట్లోంచి వచ్చింది. వెనకాలే ఆయన మరదలు. పోయినామెకి చెల్లెలు. ఉండేది పక్క వీధిలో, పొద్దుటి టీ మాత్రం ఇక్కడే.

"దీన్ని ముట్టుకుందెవరు?"

"నేనే నాన్నా."

"ఎవరినడిగి?"

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"అంటే తెలిసే చేశావు."

"తెలిసే చేశాను."

మరదలు మధ్యలో దూరింది. "ఏంటి బావా, తెల్లారగానే పిల్ల మీద పడ్డావు? టీలో పంచదార తక్కువైందా?"

"నువ్వాగు. మీ అక్క పెట్టిన చుక్కలు గీకి పారేసింది ఇది."

"మా అక్క తన గోళ్లకి ఒక్కనాడు రంగు వేసుకున్న పాపాన పోలేదు. సింగారమంతా స్క్రూలకే!"

ఆయన నవ్వలేదు.

కూతురు గ్లాసు కింద పెట్టింది. "మొన్నామధ్య ఈ మూల చేపల వాసన వచ్చింది, గుర్తుందా? మనం పిల్లిని తిట్టాం."

"తిట్టడమా? దాని వంశాన్నంతా ఏకిపెట్టాను" అంది మరదలు.

"పాపం, పిల్లి తప్పు కాదు పిన్నీ. దీని లోపల కరెంటు దాచే కెపాసిటర్లు కారుతున్నాయి. ఆ రసం వాసన అది. ఇంకొన్నాళ్లు వదిలేస్తే బోర్డునే తినేసేది. వాటినే బతికిద్దామని కరెంటు కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ చాలా రోజులు చూశాను నాన్నా. నిలబడలేదు. కొత్తవి వేశాను. రసం పాకిన చోట స్క్రూలు కూడా మార్చాను. అవి మారాక కొలతలు మళ్లీ సరిచేయక తప్పలేదు."

"కథలు చెప్పకు. నీ బల్ల మీద ఉన్నదాంట్లోనూ ఇవే ఉన్నాయి. మీ అమ్మ రెండిట్లోనూ ఒకేసారి వేసింది. దానికి లేని రోగం దీనికెందుకొచ్చింది?"

కూతురు కిటికీ వైపు చూసింది. అది చాలు ఆయనకి. తప్పు చేసినవాళ్లే అలా చూస్తారు.

"దాన్ని విప్పుతాను. అబద్ధం ఎవరిదో తేలిపోతుంది."

"వద్దు నాన్నా."

"ఎందుకొద్దు?"

"ఊరికే. తప్పు నాదే అనుకో."

"అనుకోవడమేంటి? నీదే."

కూతురి బల్ల మీది స్కోపు ప్లగ్గు పీకాడు. లోపల మిగిలిన ఛార్జి పోయేదాకా ఆగాడు. ఆ జాగ్రత్త భార్య నేర్పిందే. తర్వాత రేకు విప్పాడు. కెపాసిటర్లు పొడిగా, నిటారుగా, నిన్న వేసినట్టు మెరుస్తున్నాయి. తీగలు పాపిడి తీసినంత వరుసగా ఉన్నాయి. ఎర్ర చుక్కల్లో ఒక్కటీ చెదరలేదు. ఎన్నేళ్లకు చూశాడో ఆ పనితనం!

"చూశావా! మీ అమ్మ పనంటే ఇదీ. దీని జోలికి ఎవరూ వెళ్లలేదు గనక బతికింది."

మరదలు మెడ చాచి చూసింది. "జోలికి వెళ్లకపోవడమేంటి బావా? ఇది పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుందిగా. గుడ్డ కప్పి పడుకోబెట్టింది ఆ మూలదాన్ని కదా?"

"పిన్నీ, ఊరుకో!"

కూతురు పిన్ని మీద గొంతు పెంచడం ఆయన ఎన్నడూ వినలేదు. చేతిలో రేకు అలాగే ఉండిపోయింది.

యంత్రం తీసుకెళ్లే ప్రతివాళ్లకీ భార్య గుమ్మం దాకా వచ్చి ఒకే మాట చెప్పేది. "బీరువాలో దాచకండి. వీటికి కరెంటే తిండి. అప్పుడప్పుడూ వెలిగించండి. పస్తు పెడితే లోపల పాడైపోతాయి." పక్కనే కూర్చుని రంగు వేస్తూ ఆ మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. అది వచ్చేపోయేవాళ్లకి చెప్పే మాట అనుకున్నాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు రేకు కింద పెడుతూ.

"తెలుసు."

"చెప్పలేదేం?"

"ఏమని చెప్పను నాన్నా? నా మీద కోపం వస్తే నువ్వు మోయగలవు. నీ మీద నీకే వస్తే ఏం చేస్తావు?"

కూతురు స్టూలు జరిపి ఆయన్ని కూర్చోబెట్టింది. తను బాగుచేసిన స్కోపు స్విచ్చి వేసింది.

"వేడెక్కనీ. చల్లగా ఉన్నప్పుడు చూసింది కొలత కాదు."

"మీ నాన్నని మాత్రం చల్లగా ఉన్నప్పుడే చూడాలి" అంది మరదలు, కళ్లు తుడుచుకుంటూనే.

తెర మీద ముందు ఒక చుక్క, తర్వాత గీత, ఆ గీత మెట్లు మెట్లుగా నిలబడింది. ఆ మెట్ల మూలలు గుండ్రంగా వంగకూడదు, కొమ్ములా పైకి లేవకూడదు. ఆ మాత్రం ఆయనకీ తెలుసు. కూతురు ప్లాస్టిక్ స్క్రూడ్రైవరు తీసుకుంది. ఇనుముదైతే దగ్గరికి తెస్తేనే కొలత చలిస్తుంది. పెట్టిన చుక్కల మధ్య ఇంకా చుక్క పడని స్క్రూ ఒకటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పింది. తిప్పేముందు తల పక్కకి వంచి ఊపిరి బిగబట్టింది. అది ఎవరూ నేర్పింది కాదు. తల్లిని చూసి వచ్చింది. మూల కత్తితో కోసినట్టు నిలబడింది. భార్య చేసినప్పుడు కూడా ఇంత పదును చూసిన గుర్తు లేదు. ఆ మాట పైకి అనలేదు.

"ఇప్పుడు ఇటు చూడు." కూతురు రెండో పక్క రేకు తీసింది. ఆయన పొద్దున విప్పని వైపు. అక్కడ అన్నీ ఎర్ర చుక్కలే.

"ఇది కాలం కొలిచే భాగం. ఇక్కడికి రసం పాకలేదు. సరిచూశాను. ఇన్నేళ్ల తర్వాత కూడా తెర మీది గళ్లతో గీతకి గీత కలిసింది నాన్నా! నమ్మలేక మళ్లీ చూశాను. మళ్లీ కలిసింది. సరిగ్గా ఉన్నదాన్ని తిప్పడం పొగరు అనేది అమ్మ. నేను ముట్టుకోలేదు."

గీతలు కలిశాయో లేదో చూద్దామని ఆయన ముందుకి వంగాడు. కనపడలేదు. తెర అంతా అలుక్కుపోయింది. జేబులోంచి తుడుపుగుడ్డ తీసి కళ్లద్దాలు తుడిచాడు. తడి అద్దాల మీద కాదు.

లేచి రెండు రేకులూ తనే బిగించాడు. స్కోపుని ఎత్తి తీసుకెళ్లి, కూతురి బల్ల మీద దాని జత పక్కన పెట్టి, రెండిటికీ ప్లగ్గు పెట్టాడు.

"నాన్నా, నిన్ను అడక్కుండా..." కూతురు గొంతు సవరించుకుంది.

"టీ చల్లారింది. తాగు."

మరదలు ఊరుకుంటే మరదలెలా అవుతుంది? "ఇంతకీ తప్పెవరిదని తేలింది బావా?"

"తేలింది" అన్నాడు ఆయన. "తేలినదాన్ని ఇంక కెలకొద్దు. మీరెవరూ నా దగ్గర ఈ మాట ఎత్తొద్దు. నేనూ ఎత్తను, చచ్చేదాకా."