ఏడో బ్లాకు గొట్టం

చీకటి పడ్డాక ఏడో బ్లాకు పక్కనుంచి మా ఆఫీసు బండి కూడా పోదు. కరగండా పట్నానికి పోయే రోడ్డు మీద, బొగ్గు గని మూతపడ్డాక జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన భవనం అది. లోపల నరపురుగన్నది లేదు. కానీ నీళ్ల గొట్టంలోంచి... ఠక్... ఠక్...

మాది ఊరి సొంత కంపెనీ. నీళ్లూ మేమే ఇస్తాం, కరెంటూ మేమే ఇస్తాం, తిట్లూ మేమే తింటాం. నీళ్ల పని చూసే మెయిర్‌బెక్ నాతో చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

చలి ముదిరే ముందు ఆ బ్లాకు మూసేయమన్నారు. కరెంటు వాళ్లు ముందుగా తీగ కోసేశారు. మర్నాడు సాయంత్రం మెయిర్‌బెక్ వెళ్లాడు. ఎవరైనా మిగిలారేమోనని మెట్లెక్కి ప్రతి తలుపూ తట్టాలి. కానీ గాలి కొరికేస్తోంది. రోడ్డు మీదే నిలబడి కిటికీల వంక చూశాడు. ఒక్క దీపం లేదు. ఎవరూ లేరని వాల్వు కట్టేసి ఇంటికి పోయాడు.

కరెంటు కోసేసిన కొంపలో దీపం ఎలా వెలుగుతుందన్న సంగతి పక్క మీద వాలాక తట్టిందట. పోనీలే అనుకున్నాడు.

తర్వాత గొట్టం మోగడం మొదలైంది. మా బ్లాకుల్లో నీళ్లు ఆగితే, మీకు వస్తున్నాయా అని చెంచాతో గొట్టం కొట్టి పై ఇంటినీ కింది ఇంటినీ అడుగుతాం. ఆ చప్పుడు మెయిర్‌బెక్‌కి తెలియనిది కాదు. అయినా అక్కడ దెయ్యముందని మొదట పుకారు పుట్టించింది అతనే. దెయ్యమంటే ఎవరూ మెట్లెక్కమనరు కదా.

నడి చలికాలంలో ఆ బ్లాకు ముందే రోడ్డు కింద గొట్టం పగిలింది. మెయిర్‌బెక్ ఒక్కడే వాల్వు గొయ్యిలోకి దిగాడు. చెయ్యి వేసిన ఇనుములోంచే — ఠక్...

పానాతో ఒక్క దెబ్బ కొట్టాడు.

చప్పుడు ఆగింది. మళ్లీ... ఠక్ ఠక్ ఠక్... ఆత్రంగా.

ఈసారి పారిపోలేకపోయాడు. టార్చి పట్టుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తులో ఒక తలుపు సందులోంచి సన్నగా కొవ్వొత్తి వెలుతురు... తట్టకముందే తెరుచుకుంది. శాలువా చుట్టుకున్న ముసలామె, చేతిలో చెంచా.

"నీళ్లవాళ్లేనా?" గుసగుసగా అడిగింది. కుల్యాష్ అవ్వ అని పేరు తర్వాత తెలిసిందట.

"మీరు... బతికే ఉన్నారా అవ్వా?"

"ఏం బతుకులే. మంచు కరిగించుకుని తాగుతున్నాం. కింద గుమ్మంలో నిలబడి ఎవర్ని పిలిచినా దెయ్యమని ఒకటే పరుగు, నాయనా."

సిగ్గుతో చచ్చిపోయానన్నాడు నాతో. తల ఎత్తలేదట.

"ఇంకెవరున్నారు అవ్వా, మీతో?"

"పై ఇంట్లో ఒరాజ్. కాళ్లు పడిపోయాయి, దిగలేడు. నీళ్లొచ్చాయా అని గొట్టం కొట్టి అడుగుతాడు. రాలేదని నేను కొడతాను."

"పదండి, ముందు ఆయన్ని కిందికి దించుదాం."

"దించాలి. మోయడానికి నలుగురు కావాలి కదా, నేనొక్కదాన్నే అయిపోయాను. చలికి తట్టుకోలేక... ఒరాజ్ పోయి వారమైంది."

గోడ వారనున్న గొట్టంలో... పైనుంచి... ఠక్.

అవ్వ బెదరలేదు. చెంచా అతని చేతిలో పెట్టింది.

"అడుగుతున్నాడు. ఈసారి నువ్వే చెప్పు."