హ్యాండ్ బ్రేకు వేసేరాండీ?

"ఆపకు."

లిడియా బ్రేకు తొక్కింది.

కారు కీచుమంటూ నిలబడిపోయింది. సఖినేటిపల్లి రోడ్డు మీద... నడిమధ్యలో... వెనక కొబ్బరికాయల లారీ హారన్ మోత.

పక్కసీటు మనిషి ముందుకి తూలాడు. సీటు బెల్టు లేకపోతే వాడి పళ్ళు డ్యాష్‌బోర్డులో ఏరుకోవాల్సి వచ్చేది.

మరుక్షణం పిస్టల్ పిడి ఆమె కణత మీద పడింది.

ఠప్...

కనుబొమ చిట్లింది. వేడివేడి నెత్తురు కంట్లోకి దిగుతోంది.

"ఆపకు అన్నాను."

"ఆపు అని వినబడిందండి."

"చెవుడా నీకు?"

"ఏసీ సౌండండి."

ఎదురుగా పోలీసు జీపు వస్తోంది. వచ్చింది. పక్కనుంచి వెళ్ళిపోయింది. అందులో ఒక్కడూ ఇటు తల తిప్పలేదు.

తువ్వాలు కింద పిస్టల్ మళ్ళీ ఆమె పక్కటెముకలు వెతుక్కుంది.

"పోనీ."

లిడియా గేరు వేసింది. వెయ్యబోయి తప్పింది. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసింది. ఓ కన్ను రోడ్డు మీద... రెండో కన్ను నెత్తుట్లో... మనసు మాత్రం గడియారం మీద.

ఐదూ పదిహేడు.

పొద్దున బుక్ చేసుకున్నప్పుడు వాడి పేరు కుటుంబరావు. వచ్చింది మాత్రం ఒక్కడే!

కోనసీమ ఒక్కరోజు టూర్. చూడదగ్గ ప్రదేశాలు ఏడు. ఏడేళ్ళుగా సొంత కారులో లిడియా చేస్తున్న పని అదే. రాజోలు చర్చిలో ఆదివారం పాటలు పాడే మనిషి, మిగతా ఆరు రోజులూ అయినవిల్లి వినాయకుడి దగ్గర ఎన్నింటికి రద్దీ తగ్గుతుందో, అంతర్వేదిలో ప్రసాదం కౌంటరు ఎప్పుడు మూస్తారో పూజారులకంటే బాగా చెబుతుంది.

కుటుంబరావు ఒక్క ఫోటో తియ్యలేదు.

ఆదుర్రు బౌద్ధస్తూపం దగ్గర కారు దిగలేదు. అప్పనపల్లిలో దండం పెట్టలేదు. అంతర్వేది లైట్‌హౌస్ ఎక్కి సముద్రం వైపు వీపు పెట్టి రోడ్లు చూశాడు.

దిగొచ్చాక ఎనిమిదోది చూపించాడు. నల్లగా... పొట్టిగా... సైలెన్సర్ లేకుండా.

"నీ మొగుడెక్కడ?"

అప్పుడర్థమైంది ఇది సైట్ సీయింగ్ కాదని. సాక్షి సీయింగ్!

ఆమె మొగుడు శివశంకర్ దిండి హౌస్‌బోటు సరంగు. మూడు నెలల క్రితం ఓ రొయ్యల చెరువుల ఆసామి, తన భాగస్థుణ్ణి బోటు మీదే నరికి గోదాట్లోకి తోసేశాడు. చుక్కాని దగ్గర నిలబడి అంతా చూసినవాడు శివశంకర్ ఒక్కడే. రేపు పది గంటలకి అమలాపురం కోర్టులో అతని సాక్ష్యం.

ఆ హత్య జరిగినప్పట్నుంచీ అతనెక్కడున్నాడో లిడియాకి తప్ప ఎవరికీ తెలియదు.

"మీ బోటు వంటవాడు ఎర్రయ్య గట్టివాడే," అన్నాడు కుటుంబరావు లైట్‌హౌస్ నీడలో, వేళ్ళు తుడుచుకుంటూ. "మూడు వేళ్ళు విరిగినా నోరు విప్పలేదు. నాలుగోదానికి, పెళ్ళాన్నడగండి అన్నాడు."

వాడి కఫ్ మీద గోధుమరంగు మరక. పొద్దుట్నుంచీ అది కాఫీ అనుకుంది లిడియా.

"నర్సాపురంలో ఉన్నారండి," అంది. "లాడ్జిలో."

అబద్ధం. నర్సాపురంలో మొగుడు లేడని వీడికి తెలిసిన క్షణం... తనూ ఉండదు.

"చించినాడ వంతెన మీద పోనీ."

"అక్కడ ప్రతి కారూ ఆపుతున్నారండి. మీ చొక్కా చూస్తే ఊరుకోరు. రేవులో పంటు మీద దాటేద్దాం. అక్కడెవరూ అడగరండి."

వాడు చొక్కా చూసుకున్నాడు. తల ఊపాడు.

ఇప్పుడు ఐదూ పంతొమ్మిది.

"కుడికి తిప్పు."

"గుడికాండి?"

"కుడికి!"

అప్పటికే కారు ఎడమకి తిరిగి ఎవరి గుడి ముందో ఆగింది. రివర్స్ చేసుకునేసరికి మూడు నిమిషాలు. ఆమె మెడ మీద ఇంకో దెబ్బ. ఈసారి మెడ నుంచి వేలి కొసల దాకా కరెంటు పాకింది.

సరే. దెబ్బకి నిమిషం చొప్పున బేరం గిట్టుబాటే!

రేవు చేరేసరికి ఐదూ ఇరవై పంటు గోదారి మధ్యలో ఉంది.

ఐదున్నర పంటు ఒడ్డున ఉంది.

లిడియా ఊపిరి వదిలింది.

పంటంటే పెద్ద వింతేమీ కాదు. రెండు పడవలు జోడించి, పైన బల్లలు పరిచి, వెనక ఇంజను తగిలిస్తే పంటు. ముందు చివర గోడ ఉండదు. ఓ ఇనుపగొలుసు, అంతే. కార్లు రివర్స్‌లో ఎక్కుతాయి, ఎదురొడ్డున తిన్నగా దిగిపోతాయి.

అన్నిటికంటే ఆఖర్న ఎక్కింది లిడియా కారు. ముక్కు గొలుసుకి జానెడు దూరంలో.

నెత్తిన తువ్వాలు చుట్టుకున్న పంటు మనిషి వచ్చి ముందు చక్రాల కింద అడ్డుచెక్కలు పెట్టాడు. నున్నగా గీసిన మూతి. మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ. అద్దం మీద తట్టాడు.

లిడియా అద్దం దించింది.

"కార్లోంచి అందరూ దిగాలండి. రేవు రూలండి."

"దిగం," అన్నాడు కుటుంబరావు. తువ్వాలు కింద పిస్టల్ ఒక్క అంగుళం లోపలికి దిగబడింది. "పోరా."

పంటు మనిషి పోలేదు. లిడియా కనుబొమ మీద గడ్డకట్టిన నెత్తురు చూశాడు. చూడనట్టే తల దించాడు.

"మేడంగారూ... హ్యాండ్ బ్రేకు వేసేరాండీ?"



"వేసేనండి."

అతను అరికాలితో అడ్డుచెక్కని తట్టాడు.

కదల్లేదు.

హ్యాండ్ బ్రేకు వేసిన కారు అడ్డుచెక్కని పట్టించుకోదు, చెక్క వదులుగా ఆడుతుంది. వెయ్యని కారు దాని మీదే కూర్చుంటుంది. పంటు మనుషులకి అరికాలే మీటరు.

ఈ మనిషి అరికాలికి ఇంకోటి కూడా తెలుసు. ఈ డ్రైవరమ్మ ఏడేళ్ళలో ఒక్కసారి కూడా హ్యాండ్ బ్రేకు మర్చిపోలేదు. ఇంటి ముందు ఆపినా వేస్తుంది. ఆమెకి డ్రైవింగ్ నేర్పిందీ, ఆ అలవాటు చేసిందీ, ఆ మెళ్ళో తాళి కట్టిందీ... ఈ మూతి నున్నటి మనిషే.

శివశంకర్!

వాడు వెతుకుతున్న ప్రాణం వాడికి మూరెడు దూరంలో లుంగీ కట్టుకుని నిలబడింది.

కుటుంబరావు జేబులో ఫోటో ఉంది. అందులో గుబురు మీసం. వాడు మీసాన్ని వెతుకుతున్నాడు.

"ఆయ్," అన్నాడు శివశంకర్ మెల్లిగా. "గోదారి పోటు మీదుందండి. జాగ్రత్తండి."

లిడియా పక్కటెముకల్లోనూ పోటే.

పంటు కదిలింది.

నది మధ్యకొచ్చేసరికి అలలు పెరిగాయి. ముందు చివర దిగుతోంది... లేస్తోంది... మళ్ళీ దిగుతోంది. అడ్డుచెక్కలు కిర్రుమంటున్నాయి. ప్రాణాలు పంటి బిగువున పట్టుకోవడం అందరికీ తెలుసు. లిడియా పంటు బిగువున పట్టుకుంది.

"అందరూ ఎనక్కి జరగండమ్మా," శివశంకర్ కేకేశాడు. "బరువు ముందుకి పడిపోతోంది."

చేపలమ్మే ఎలీసమ్మ బుట్టతో జరిగింది. సైకిళ్ళు జరిగాయి. కారు ముందు చోటంతా ఖాళీ.

అతను వంగి గొలుసు కొక్కెం తీశాడు.

"ఏం చేస్తున్నాడు వాడు?"

"రేవొచ్చేస్తోంది కదండి. ముందే తీస్తారండి."

రేవు ఇంకా వంద గజాల దూరంలో ఉంది. అంత దూరంలో గొలుసు తియ్యరని పంటు మీద అందరికీ తెలుసు... కుటుంబరావుకి తప్ప.

శివశంకర్ అడ్డుచెక్కల తాడు అరచేతికి చుట్టుకున్నాడు.

ముందు చివర లేచింది. చక్రాల బరువు వెనక్కి జారింది.

లాగాడు.

ముందు చివర దిగింది...

కారు కదిలింది!

లిడియా తలుపు తన్నేసి బల్లల మీదికి దూకింది.

ధన్!

ఎడమ చెవి పక్క నిప్పు. దుద్దు ఎగిరిపోయింది, దాంతో పాటు సగం తమ్మె.

ధబ్!

ఏడేళ్ళ కష్టార్జితం ముక్కు కిందికి పెట్టి గోదాట్లో పడింది. ఒక్క క్షణం తేలింది. అద్దం వెనక కుటుంబరావు బెల్టుతో కుస్తీ పడుతున్నాడు. పొద్దున రాజోలు సెంటర్లో "చలానా రాస్తారండి, పెట్టుకోండి" అని బతిమాలి పెట్టించిన బెల్టు.

మునిగింది.

బుడగలు.

బుడగలు.

ఏమీ లేదు.

శివశంకర్ ఆమెని లేవదీశాడు. తువ్వాలు విప్పి చెవికి అదిమాడు. రేవు దగ్గరపడుతోంది. ముప్ఫై గజాలు... ఇరవై...

ముందు బల్లల కిందనుంచి ఓ చెయ్యి లేచింది.

ఆ చేతిలో పిస్టల్!

మోచేతులు బల్లల మీద ఆనించి కుటుంబరావు తల పైకి తేల్చాడు. ముక్కులోంచి నీళ్ళు, నుదుటి మీదనుంచి నెత్తురు. తువ్వాలు లేని మొహం చూశాడు. చూసి నవ్వాడు.

"మీసం తీశావా సరంగూ?"

పిస్టల్ శివశంకర్ గుండెకి గురిపెట్టింది.

అప్పుడు వాడి పాదాలకి రేవు నేల తగిలింది. మెడ తిప్పి చూశాడు.

వెనక... పదడుగుల్లో... రేవు సిమెంటు గట్టు. ఇంజను జోరు మీదొస్తున్న పంటుకీ, ఆ గట్టుకీ మధ్య వాడి నడుం.

"ఆపు!" అరిచాడు. "పంటు ఆపమను... వీణ్ణి కాల్చేస్తా... ఆపు!"

వెనక పంటు నడుపుతున్న అబ్రహాముగారికి ఇంజను మోతలో ఏమీ వినపడలేదు. చెయ్యి చెవికి పెట్టుకుని కేకేశాడు.

"ఏవంటున్నాడమ్మా?"

లిడియా నెత్తురు కారుతున్న చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆపకు అంటున్నాడండి!"

శివశంకర్ ఆమెని లాక్కుని పక్కకి పడిపోయాడు.

ధన్!

ఆ వెంటనే కలప సిమెంటుని గుద్దిన చప్పుడు. ఆ రెండిటి మధ్యా ఎముకలు నలిగిన చప్పుడు. ఆ తర్వాత ఓ కేక, నర్సాపురం బస్టాండు దాకా వినపడేంత.

బుల్లెట్ ఎలీసమ్మ చేపలబుట్టలో దొరికింది.

వాణ్ణి నలుగురు పట్టి ఒడ్డుకి లాగారు. నడుం కిందనుంచి కాళ్ళు వాడివి కానట్టు వేలాడుతున్నాయి. బతికే ఉన్నాడు. పిస్టల్ని అబ్రహాముగారు తన క్యారేజీలో పెట్టి మూతేశారు.

"ఆపు అనే కదమ్మా అరిచేడు?" అడిగింది ఎలీసమ్మ. "నాకు బాగానే వినబడింది."

జనం చుట్టూ మూగారు. కుటుంబరావు కూడా కళ్ళు తెరిచి వింటున్నాడు.

"నాకూ బాగానే వినబడిందండి," అంది లిడియా. "దార్లో ఆపకు అన్నదీ వినబడింది, కుడికి అన్నదీ వినబడింది. ఐదూ ఇరవై పంటు దాటిపోవాలి. దాని మీద ఈయన లేరు. హ్యాండ్ బ్రేకు వెయ్యకపోతే కనిపెట్టే కాలు ఈయనదొక్కటే. అందుకని ఆ పది నిమిషాలూ చెవిటిదాన్నయ్యేనండి."

తువ్వాలు తీసి చూసుకుంది. ఎర్రగా తడిసి ముద్దయింది.

"ఇప్పుడు నిజంగానే సగం చెవి పోయింది."

శివశంకర్ కారు మునిగిన చోటుకేసి చూస్తున్నాడు.

"వేసేనన్నావే?"

"అబద్ధం ఆడేనండి," అంది. "రేపు కోర్టులో మీరు మాత్రం నిజమే చెప్పండి."