ఫ్రిజ్ ముందు చెప్పులు

ఆ ఆదివారం పొద్దున శివనాగరాజు చేయాల్సిన పనులు ఇవి. క్షవరం చేయించుకోవాలి. నీలం చొక్కా ఇస్త్రీ చేయించాలి. మబ్బు పట్టింది కాబట్టి కళ్ళంలో మిరపకాయల మీద పట్టా కప్పాలి. సత్తెనపల్లి వెళ్ళి పళ్ళు, స్వీట్లు కొనాలి. కారు మాట్లాడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, అమ్మ మల్లేశ్వరి వేలు చూపించి మరీ చెప్పినది: అమ్మాయి వాళ్ళింట్లో కరెంటు కబుర్లు చెప్పకూడదు.

"నరసరావుపేట సంబంధం ఎందుకు పోయిందిరా? పెళ్ళిచూపులకెళ్ళి వాళ్ళ స్విచ్ బోర్డు విప్పావు!"

"అందులోంచి పొగ వస్తోందమ్మా."

"వస్తే రానీ! నువ్వెళ్ళింది పిల్లని చూడ్డానికా, పొగని చూడ్డానికా?"

వాళ్ళింట్లో మొదటి బీటెక్ శివనాగరాజే. గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు. చదువంటే ఎంత భక్తో అమ్మ మాటంటే అంత గౌరవం. అందుకని ఈసారి నోరు కట్టేసుకుని బయల్దేరాడు.

అమ్మాయిది అద్దంకి దగ్గర పల్లె. అద్దంకిలోనే స్కూల్లో లెక్కలు చెబుతుంది. పేరు సంతోషకుమారి. ఆ పేరులో ఉన్నది ముఖంలో ఎక్కడా కనబడలేదు.

పెద్దవాళ్ళు ముందుగదిలో పొగాకు పంట కబుర్లలో పడ్డాక ఇద్దర్నీ వంటింటి పక్క వరండాలోకి పంపారు.

"మీకు లెక్కలంటే బాగా ఇష్టమా అండీ?" అన్నాడు శివనాగరాజు.

"పిల్లలకి చెప్పాలిగా, ఇష్టపడక తప్పదు. మీకేం ఇష్టం?"

ఇష్టమైనదేదో నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మ వేలు గుర్తొచ్చింది. "వర్షం," అనేశాడు.

"మిరపకాయలు కళ్ళంలో పెట్టుకుని వర్షం ఇష్టమంటారేంటండీ?"

సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. జల్లు వరండాలోకి కొట్టి గచ్చంతా తడిసింది. ఆమె పెదవి చివర ఏదో కదిలింది గాని, నవ్వని చెప్పుకునేంత పెద్దది కాదు.

వరండా మూలనే ఫ్రిజ్. దాని ముందు ఒక జత హవాయి చెప్పులు. సంతోషకుమారి వాటిలో కాళ్ళు దూర్చి, ఎడమ చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుని, కుడి చేత్తో స్టీలు గ్లాసులో మజ్జిగ అందించింది. లోపల ఎవరో పచ్చడికి మిక్సీ వేశారు. తడి గచ్చు మీద ఒట్టి కాళ్ళతో నిలబడి శివనాగరాజు గ్లాసు అందుకున్నాడు.

జివ్వుమంది! వేళ్ళలో మొదలై భుజం దాకా పాకింది.

"అమ్మో!" అంది ఆమె. ఆమె చేయీ అదిరింది. మిక్సీ ఆగింది. జివ్వుమనడమూ ఆగింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటూ ఉండిపోయారు. గ్లాసులోంచి ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ చదివినవాడు, అది ప్రేమే అనుకున్నాడు. నవ్వకండి. వాన పడుతోంది, ఆ పిల్ల కళ్ళు అంతంత పెద్దవయ్యాయి, మనిషన్నవాడు ఇంకేమనుకుంటాడు?

కారెక్కగానే "నాకిష్టమేనమ్మా," అన్నాడు. సాయంత్రానికి అటునుంచి కూడా అమ్మాయికి ఇష్టమేనని కబురొచ్చింది. మల్లేశ్వరి పొంగిపోయి, రాత్రి భోజనాల దగ్గర ఆ ఇంటిని పొగుడుతూ కూర్చుంది.

"ఇల్లు బాగుంది, మనుషులు మంచోళ్ళు. ఒకటే అర్థం కాలా. ఫ్రిజ్ తీయాలంటే చెప్పులేసుకుంటారేంట్రా? వాళ్ళ మామ్మగార్ని అడిగితే, 'అది గిచ్చుద్దమ్మా' అంది."

శివనాగరాజు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వెంటనే ఫోన్ చేశాడు.

"సంతోషకుమారి గారూ, మీ ఫ్రిజ్ గురించి మాట్లాడాలండీ."

"మొదటిసారి ఫోన్ చేసి ఫ్రిజ్ గురించా?"

"మిక్సీ వేస్తే లైట్లు డల్ అవుతాయా? అప్పుడే ఎక్కువ కొడుతుందా?"

"అవును. అయితే?"

"అయితే... ఇందాక మనకి జివ్వుమన్నది మీరనుకున్నది కాదండీ. కరెంటు లీకేజీ."

"నేనేం అనుకున్నానని మీరనుకుంటున్నారు?"

"నేననుకున్నదే."

"అంటే ఇప్పుడు మీకిష్టం లేదన్నమాట."

"అది కాదండీ, ముందు ఆ ప్లగ్గు పీకేయండి!"

ఫోన్ పెట్టేసింది.

తెల్లారేసరికి అమ్మాయి తండ్రి వెంకటనారాయణ గారు మల్లేశ్వరికి ఫోన్ చేశారు. "వద్దనుకుంటే సూటిగా చెప్పండమ్మా. ఫ్రిజ్‌కి వంకపెట్టడమేంటి? ఇంక ఈ మాట వదిలేద్దాం."

"ఒరేయ్, మళ్ళీ విప్పావా?" అని లబోదిబోమంది మల్లేశ్వరి.

"ఈసారి ఫోన్లోనేనమ్మా," అన్నాడు దిగులుగా.

నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ముహూర్తం పెట్టుకుంటూ ఉండేవారు. కాని ఆ ఇంట్లో ఒట్టి కాళ్ళతో తిరిగే ముసలావిడ ఉంది. రోజూ ఆ తలుపు తీసే సంతోషకుమారి ఉంది. కోల్డ్ స్టోరేజీలో సెలవు పెట్టి, బండి మీద టూల్స్ సంచీ వేసుకుని అద్దంకి దారి పట్టాడు. సంబంధం ఎలాగూ పోయింది. ఆ పిల్లకి మాత్రం ఏమీ కాకూడదు.

వెంకటనారాయణ గారు రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన తల్లి సుబ్బరావమ్మ గారే, "నువ్వు రా అబ్బాయ్, ఆ గిచ్చుడేందో చూడు," అంది.

మెయిన్ ఆపేసి ఫ్రిజ్ సాకెట్ విప్పాడు. లోపల చిన్న వైరు ముక్క.

"ఇది ఎవరు వేశారండీ?"

"నేనే," అన్నారు వెంకటనారాయణ గారు కాస్త గర్వంగానే. "ఎర్త్ పిన్ను ఖాళీగా ఉందని న్యూట్రల్‌తో కలిపా. రెండూ చివరికి భూమిలోకేగా పోయేది?"

సంతోషకుమారి తలుపు వెనక నిలబడి వింటోంది.

"మురుగు కాలవా, చెరువు నిండితే పొర్లిపోయే అలుగూ రెండిట్లోనూ నీళ్ళే పోతాయి కదండీ? న్యూట్రల్ మురుగు కాలవ. పనిచేసిన కరెంటు రోజూ దాన్నుంచే వెనక్కెళ్ళాలి. ఎర్త్ అలుగు. మామూలప్పుడు ఎండిపోయే ఉంటుంది. కరెంటు దారి తప్పి ఫ్రిజ్ ఒంటి మీదికొచ్చిందనుకోండి, మన మీదికి రాకుండా అది లాగేసుకుంటుంది. మీరు అలుగు తవ్వలేదు. కాలవకే గండి కొట్టి ఫ్రిజ్ మీదికి పెట్టారు."

తర్వాత మెయిన్ బోర్డు విప్పి చూపించాడు. న్యూట్రల్ స్క్రూ వదులై, వైరు చివర నల్లగా మాడింది. "కాలవ ఇక్కడ పూడింది. మిక్సీ వేసినప్పుడల్లా ఎగదన్ని, మీ వైరు ముక్కలోంచి ఫ్రిజ్ ఒంటికొస్తోంది. ఈ మాడిన వైరు పూర్తిగా ఊడిపోయిన రోజున మొత్తం ఫేజే, అంటే లైన్లో కరెంటంతా, ఫ్రిజ్ ఒంటికొచ్చేస్తుంది. ఆ రోజు చెప్పులేం కాపాడవండీ."

వెంకటనారాయణ గారు ఆ వైరు ముక్కని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "నేను వద్దన్నాక కూడా ఇది చెప్పడానికొచ్చావా?"

"సంబంధం వేరు, ఇది వేరండీ."

ఆయన వైరు ముక్క పక్కన పడేశారు. లోపలికెళ్ళి గడ్డపార తెచ్చారు.

శివనాగరాజు మాడిన వైరు చివర కోసేసి స్క్రూ బిగించాక, పెరట్లో ఇద్దరూ కలిసి ఎర్త్ కోసం గొయ్యి తవ్వారు. పైపు దించి, ఫ్రిజ్ సాకెట్ నుంచి దానికి వైరు కలిపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చారు. వెంకటనారాయణ గారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు సంతోషకుమారి వచ్చింది.

"ఒకటి చెప్పనా? ఆ రోజు అంత షాక్ కొట్టినా మీరు గ్లాసు వదల్లేదు. నేను సరేనన్నది అందుకు. జివ్వుమన్నందుకు కాదు."

ఇక్కడ ఊరుకుంటే సరిపోయేది. మీరైనా నేనైనా ఊరుకునేవాళ్ళం.

"అది నా గొప్ప కాదండీ," అన్నాడు శివనాగరాజు. "షాక్ కొడితే వేళ్ళు బిగుసుకుపోతాయి. వదుల్దామన్నా వదలవు."

ఆమె అతన్ని తేరిపార చూసింది. తర్వాత పెరడంతా వినబడేలా పకపకా నవ్వింది.

"పెళ్ళి చెడగొట్టుకునే ఛాన్స్ ఒక్కటైనా వదలరా మీరు? నాకోసం చిన్న అబద్ధం కూడా ఆడలేరా?"

"ఆడితే మీరెప్పుడో ఒకప్పుడు కనిపెడతారు. లెక్కల టీచరు కదా."

"సరే, నిజమే చెప్పండి. మెయిన్ ఆఫ్‌లో ఉంది. ఇప్పుడేమైనా అనిపిస్తోందా?"

"అనిపిస్తోందండీ," అన్నాడు మట్టిచేతులు వెనక్కి పెట్టుకుని. "ఇది మాత్రం ఏ మీటరుతో చూడాలో నాకు తెలీదు."

"చూడక్కర్లేదు. నాకూ అలాగే ఉంది," అని లోపలికి పరుగెత్తింది. అంతలోనే లోపల్నుంచి వెంకటనారాయణ గారి కేక: "భోంచేసి వెళ్ళు అల్లుడూ! మీ అమ్మగారికి నేను ఫోన్ చేస్తాలే."

వైశాఖంలో పెళ్ళయింది. నేల ఎండిపోతే ఎర్త్ సరిగా పనిచేయదని అల్లుడు అన్న ఒక్క మాట పట్టుకుని, సుబ్బరావమ్మ గారు ఆ వేసవంతా తను కాఫీ తాగకముందే పెరట్లో పైపు దగ్గర చెంబెడు నీళ్ళు పోసేది. "నా మనవరాలి పెళ్ళి కుదిరిన చోటు, ఎండనిస్తానా?" అనేది అడిగినవాళ్ళతో. మీ ఇంటి వెనకా అలాంటి గుంట ఒకటి ఉండే ఉంటుంది. దానికి నీళ్ళు పోసేటప్పుడు ఆ పెద్దావిడని ఒక్కసారి తలుచుకోండి.