ఎర్రదారం కట్టిన కడ్డీ

రాజధాని అక్రాలో ఆ మేడ ముందు "వాతావరణ పరిశోధన, రెండో విభాగం" అని బోర్డు ఉంటుంది. లోపల వానెప్పుడొస్తుందో చెప్పగలవాడు ఒక్కడూ లేడు. గురువారం పొద్దున్నే కల్నల్ తెత్తే తన బల్ల మీదుగా ఒక కాగితం తోశాడు. గాలిలో పట్టుకున్న వైర్‌లెస్ మెసేజ్ అది. కోడ్ విప్పాక ఒక్క వాక్యం తేలింది.

"ఆదివారం, నలభై తుపాకుల సలాం. అందులో ఒకటి ఖాళీ కాదు."

ఆ కాగితం అందుకున్న మనిషి పేరు క్వాబెనా సిరిబో. ఆ విభాగంలో వాడికంటే చురుకైన ఏజెంట్ లేడు. పుట్టింది కుమాసీలో, అచ్చమైన అసాంటే జాతి బిడ్డనని వాడికి కొంచెం గర్వం కూడాను. అక్రా చేరి పదకొండేళ్ళయింది. ఫౌంటెన్ పెన్నులో కెమెరా, చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్, ఏ వేషమైనా పది నిమిషాల్లో వేసెయ్యగలడు.

సంగతంతా కల్నల్ చెప్పుకొచ్చాడు. సాలమాండర్ అనే విదేశీ ముఠా ఒకటుంది. కుమాసీకి ఇరవై మైళ్ళ అవతల అసుఫిరి అడవి కింద బంగారం ఉందని దానికి తెలిసింది. ప్రభుత్వం రాసుకున్న చట్టం ప్రకారం నేల కిందున్న బంగారం ప్రభుత్వానిది. నేల మాత్రం అసుఫిరి గద్దెది, అంటే పోయిన పెద్దలదీ, ఇంకా పుట్టని పిల్లలదీ. గద్దె మీదున్న రాజుని గౌరవంగా నానా అంటారు, ఆయన ఆ అడవిలో పార పడనివ్వనంటున్నాడు. ఆదివారం అక్వాసిదే, నలభై రెండు రోజులకొకసారి వచ్చే పండుగ. గనుల కమిషనర్ స్వయంగా వచ్చి నానా పక్కన కూర్చోబోతున్నాడు, మంచి మాటలతో అడుగుదామని. సరిగ్గా అప్పుడు అసాంటే తుపాకీ పేలి కమిషనర్ చచ్చాడా, సోమవారానికల్లా సైన్యం దిగుతుంది. నానా జైలుకి, అడవి ముఠాకి.

"సైనికుల్ని పంపితే వాళ్ళు చెప్పులు విప్పరు, గొడవ అక్కడే మొదలవుతుంది," అన్నాడు కల్నల్. ఆయన సముద్రపు ఒడ్డువాడు, 'గా' అనే తెగ మనిషి. అసాంటేలని ఆటపట్టించకపోతే ఆయనకి పొద్దు గడవదు. "నీకు విప్పడం అలవాటు కదా, నువ్వెళ్ళు. మన ఏజెంట్ వివియన్ ముందే వెళ్ళింది, పత్రిక ఫొటోగ్రాఫర్ వేషంలో."

శుక్రవారం మధ్యాహ్నానికి సిరిబో కోకో కొనే కంపెనీ గుమాస్తాగా అసుఫిరిలో బస్సు దిగాడు. సంత దగ్గర పూటకూళ్ళ పాకలో కూర్చుని, వేరుశనగ పులుసులో ఉప్పు తక్కువైందని గట్టిగా అన్నాడు. అది కోడ్‌వర్డ్. వెనక బల్ల మీదినుంచి, వంటామె ఎవరినో ప్రేమించి మరిచిపోయి ఉంటుందని జవాబొచ్చింది.

వివియన్ డకోస్టాని చూసి తల తిప్పుకోగల మగవాడు ఆ ఊళ్ళో లేడు. పచ్చపట్టు గౌను, మెడలో పెద్ద కెమెరా, ఆమె లేచి వెళ్ళాక కూడా పావుగంటసేపు అక్కడే తిరిగే సెంటు వాసన. పళ్ళెం కింద ఒక పాత కాగితం పెట్టి జరిపింది. అడుగు సగం చిరిగిపోయి ఉంది. ఇలా చిరిగిందేమని అడిగితే, పాత రికార్డుల గదిలో ఎలుకలు కొట్టాయంది.

మిగిలిన సగంలో ఉన్న పేరు ఒపానిన్ క్వాకు సఫో. ఒపానిన్ అంటే పెద్దాయన. నలభై మంది తుపాకీవాళ్ళకి నాయకుడు, డెబ్భై ఏళ్ళవాడు. వాళ్ళమ్మని చిన్నప్పుడు ఉత్తరాన సలగా సంతలో డబ్బిచ్చి కొన్నారని తెల్లదొరల నాటి అక్షరాల్లో రాసి ఉంది.

"ఈ మట్టివాడు కాదు, ఈ ఊరి మీద కడుపుమంట ఉండదూ? డబ్బు తీసుకున్నది వీడే," అంది వివియన్.

సిరిబో నమ్మాడు. ఎందుకు నమ్మావని తరవాత తనని తనే ఎన్నిసార్లో అడుక్కున్నాడు. ముద్ర ఉన్న కాగితం, అందమైన మనిషి చేతిమీదుగా వచ్చింది. అంతకంటే గొప్ప జవాబేమీ దొరకలేదు.

శనివారం పొద్దున నానా కొలువు తీరాడు. సిరిబో చెప్పులు విప్పి, కట్టుకున్న వస్త్రం ఎడమ భుజం మీదినుంచి కిందికి జార్చి, జిన్ సీసా సమర్పించి, తానెవరో కార్డు చూపించాడు. అక్కడ నానాతో ఎవరూ నేరుగా మాట్లాడరు. మాట ఒచెయామె అనే ఆస్థాన వక్తతో చెప్పాలి. బంగారు తొడుగు కర్ర పట్టుకుని నిలబడే ఆ పెద్దమనిషి దాన్ని చక్కటి మాటల్లో పెట్టి నానాకి చేరుస్తాడు. అంతవరకూ అన్నీ పద్ధతిగానే జరిగాయి. కుట్ర సంగతి చెప్పాడు, సఫోని ఆదివారం దాకా కట్టడి చెయ్యమన్నాడు.

కారణమేమిటని ఒచెయామె అడిగాడు.

సఫో ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ఎర్రదారం చుట్టిన ఇనపకడ్డీ పెట్టుకుని. ఆ మనిషి ముఖంలోకి చూస్తూనే సిరిబో అనేశాడు.

"ఈయన ఇక్కడివాడు కాదు. వాళ్ళమ్మ సలగా సంతలో కొన్న మనిషి."

నానాకి గొడుగు పట్టుకున్నవాడి చేతిలో గొడుగు తిరగడం మానేసింది. మనిషి మూలం నలుగురిలో ఎత్తడం అసాంటేల్లో నేరం, ఈనాటిది కాదు, తాతల నాటి శాసనం. కొన్నవాళ్ళనీ, యుద్ధంలో పట్టుకొచ్చినవాళ్ళనీ ఇంట్లో కలుపుకుని, ఇంటిపేరిచ్చి, పక్కన కూర్చోబెట్టి తినిపించుకుని, ఎవరు ఎవరో తెలియకుండా కలిసిపోయిన జాతి అది. ఆ కుట్టు విప్పినవాడికి వెనకటి రోజుల్లో తలకాయ ఎగిరిపోయేది, ఇప్పుడు గొర్రెతో సరిపెడుతున్నారు.

సిరిబోకి ఆ శాసనం తెలియక కాదు. ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ బుగ్గల మీద మూడేసి గాట్లెందుకున్నాయని అడిగితే అమ్మ చెంప ఛెళ్ళుమనిపించి, ఇంకెప్పుడూ ఎవర్నీ అలా అడగొద్దంది. ఆ దెబ్బ ఇప్పుడు, ఇరవై ఎనిమిదేళ్ళ తరవాత, మళ్ళీ చెంప మీద చుర్రుమంది.

ఒచెయామె ఆ మాట నానాకి చేర్చలేదు. కర్ర కొంచెం కిందికి దించి, "గాలి హోరులో నాకు వినబడలేదు బాబూ. ఇంకోసారి అనకు," అన్నాడు.

గాలి లేదు. ఆకు కదలడం లేదు.

సఫో తల ఎత్తాడు. సిరిబో ముఖంలోకి చాలాసేపు చూశాడు, కోపంగా కాదు, ఎవర్నో పోల్చుకుంటున్నట్టు. కడ్డీ చంకన పెట్టుకుని, నానాకి వంగి, ఇంటికి వెళ్ళిపోయాడు. తుపాకీవాళ్ళు నలభై మందీ లేచి నిలబడి ఆయన గుమ్మం దాటేదాకా కూర్చోలేదు.

ఆ సాయంత్రం రాజమాత నానా అబ్రఫీ సిరిబోని పిలిపించింది. చిన్న స్టూలు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. తల ఎత్తకుండానే ఒక గొర్రె, రెండు జిన్ సీసాలు తప్పు వేసింది.

"మీ ప్రభుత్వం మనిషిని చూడగానే ఎక్కడివాడివని అడుగుతుంది," అంది. "ఎప్పుడు తిన్నావని మేం అడుగుతాం. నువ్వు రెండు చోట్లా పెరిగావు కదా నాయనా, ఏది నేర్చుకున్నట్టు?"

సిరిబోకి తల కొట్టేసినట్టయింది. గొర్రెకి డబ్బిచ్చి బయటపడ్డాడే గానీ, కొలువు అవ్వగానే సఫో ఇంటికి పెట్టించిన పోలీసు కాపలా మాత్రం తియ్యలేదు. ఎంత సిగ్గేసినా అనుమానం అనుమానమే.

ఆదివారం పదకొండు గంటలకల్లా మైదానం నిండిపోయింది. గొడుగులు, డప్పులు, ఏనుగు దంతపు బూరలు. నానా పక్కన గనుల కమిషనర్ సూటులో చెమటలు కక్కుతున్నాడు. ఎదురుగా నలభై మంది నాటు తుపాకులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వివియన్ కెమెరాతో అటూ ఇటూ తిరుగుతోంది. సఫో ఇంట్లోనే ఉన్నాడని కాపలావాడు ట్రాన్స్‌మిటర్‌లో చెప్పాడు. సిరిబో నిశ్చింతగా వరస పక్కకి వెళ్ళి, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని చివరనున్న తుపాకీవాణ్ణి అడిగాడు.

వాడు ముఖం పక్కకి తిప్పుకునే జవాబిచ్చాడు. సరిగ్గా ఉన్నాయో లేవో చెప్పేవాడు ఇంట్లో కూర్చున్నాడట. ప్రతి అక్వాసిదేకీ పేల్చే ముందు ఒపానిన్ సఫో తన కడ్డీని ఒక్కొక్క గొట్టంలో దించి చూస్తాడు. నలభై తుపాకులూ ఒకే కమ్మరి చేసినవి, ఒకే పొడవు. ఉట్టి మందూ కొబ్బరిపీచూ ఉంటే ఎర్రదారం గొట్టం మూతికి సరిగ్గా ఆనుతుంది. ఇంకేమైనా ఉంటే దారం పైకి తేలుతుంది. ఆయన చూడకుండా ముప్ఫై ఏళ్ళలో ఒక్క తుపాకీ పేలలేదు.

"ఇవాళ పేలుతుంది," అన్నాడు వాడు. "తమరి దయ."

సిరిబోకి అప్పుడు వెలిగింది. కాగితం తెచ్చింది వివియన్. నలుగురిలో ఆ మాట అనిపించింది వివియన్. ముఠా డబ్బు తిన్నదీ వివియనే. ఆమెకి కావలసింది సఫో ఖైదు కాదు, సఫో ఆదివారం రాకపోవడం. దానికి బాంబు అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. అక్రా నీళ్ళు తాగి ఇంటి మర్యాద మరిచిపోయిన ఒక అసాంటే చాలు.

సలాం ఆపమని చెప్పబోయాడు. ఒచెయామె వాడి వైపే చూడలేదు. నిన్నటినుంచి వాడి మాట ఆ ఊళ్ళో ఎవరికీ వినబడడం లేదు.

ఇంక పరుగే దిక్కు. వీధులన్నీ దాటి సఫో వాకిట్లో పడేసరికి ఆయన గడప మీద కూర్చుని ఉడికించిన కందగడ్డ తింటున్నాడు. సిరిబో చెప్పులు వదిలేశాడు. వస్త్రం నడుము దాకా జార్చుకుని, మట్టిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కాపలాకి పెట్టిన పోలీసు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"తప్పయిపోయింది ఒపానిన్. మీ కడ్డీ కావాలి. మీ చెయ్యి కావాలి."

సఫో చేతిలో ముద్ద మింగాడు. నెమ్మదిగా చెయ్యి కడుక్కున్నాడు. "పొకువా మనవడివి కదూ నువ్వు? నిన్న కొలువులోనే పోల్చాను. ఆవిడకీ తొందరెక్కువ."

"అవునండీ. అమ్మమ్మ మీకు తెలుసా?"

"పద. మా తుపాకీతో ఎవడైనా చస్తే సిగ్గు నాది, నీది కాదు."

డెబ్భై ఏళ్ళ మనిషి ఎంత వేగం నడుస్తాడు? సిరిబో ఆయన్ని వీపు మీద ఎత్తుకున్నాడు. ప్రభుత్వం వారి మేటి ఏజెంట్ ఒక ముసలాయన్ని మోసుకుంటూ, ఒంటి మీద సగం బట్టతో, ఉత్తి కాళ్ళతో అసుఫిరి బజారు వెంట పరిగెత్తుతుంటే అరటిపళ్ళవాళ్ళు లేచి నిలబడి చూశారు. ఆ పూట వాడికి దక్కిన గౌరవం అంతే.

వాళ్ళు మైదానం చేరేసరికి డప్పులు మారాయి. సలాంకి మొదటి దరువు పడింది. మూడో దరువుకి పేల్చాలి. సఫో వీపు మీదినుంచి దిగుతూనే కడ్డీ దింపడం మొదలుపెట్టాడు. గొట్టం, దారం, సరే. గొట్టం, దారం, సరే. తుపాకీవాళ్ళ ముఖాలు వెలిగాయి, ఒకడి తరవాత ఒకడు తుపాకీ ముందుకు చాపుతున్నారు. రెండో దరువు. ఇరవై ఐదు, ఇరవై ఆరు. ముప్ఫై ఒకటోవాడు మాత్రం తుపాకీ చాపలేదు. జ్వరపడ్డవాడి బదులు ఆ పొద్దున్నే చేరినవాడు వాడు. సఫో బలవంతంగా కడ్డీ దింపాడు. ఎర్రదారం రెండు వేళ్ళెత్తున పైనే ఆగిపోయింది.

వివియన్ కెమెరా ఫ్లాష్ భగ్గుమంది. అది వాడికి సైగ. కమిషనర్ వైపు తిరిగింది తుపాకీ. వాడు మీట నొక్కాడు, చెకుముకిరాయి పడింది. ఇనుము మీద పడలేదు, మధ్యలో పెట్టిన సఫో బొటనవేలి మీద పడింది. నిప్పు రాలేదు, రక్తం వచ్చింది. మూడో దరువుకి మిగిలిన ముప్ఫై తొమ్మిదీ ఒక్కసారిగా మోగాయి. పొగలో సిరిబో ఆ మనిషిని కూలదోసి కట్టేశాడు. కమిషనర్‌కి ఏం జరిగిందో తెలియలేదు, చప్పట్లు కొట్టాడు.

కారెక్కబోతున్న వివియన్ని పోలీసులు పట్టుకున్నారు. కెమెరా పెట్టె అడుగున చిరిగిన కాగితం రెండో సగం దొరికింది. ఆమె ముఖంలో భయం లేదు.

"ఎలుకలు తిన్నది అదే," అంది. "చదువుకో క్వాబెనా. నీకోసమే దాచాను."

చదివాడు. సలగా సంత, అదే తేదీ. ఒకే తాడుకి కట్టి తెచ్చిన ఇద్దరు ఆడపిల్లలు. ఒకరిని అసుఫిరివాళ్ళు కొన్నారు. రెండో పిల్ల, బుగ్గల మీద మూడేసి గాట్లు, కుమాసీకి వెళ్ళింది. కొన్నవాళ్ళు పెట్టిన పేరు అఫువా పొకువా.

అది అమ్మమ్మ పేరు. నిన్న నిండు కొలువులో ఆ ముసలాయన ఒక్క మాట అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆయన కడ్డీ చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళి కందగడ్డ వండించుకున్నాడు.

సఫో ఇంట్లో ఆయన భార్య పొయ్యి మీద ఆకుపసరు కాస్తూ, బొటనవేలు నలగ్గొట్టుకున్నందుకు మొగుణ్ణి తిడుతోంది. సిరిబో గుమ్మంలో నిలబడ్డాడు, రెండు సగాలూ చేతిలో పెట్టుకుని. ఎటు చూడాలో తెలియడం లేదు.

"ఏమిటా కాగితం?" అన్నాడు సఫో.

"ఏమీ లేదు ఒపానిన్."

"ఏమీ లేకపోతే, పొయ్యి అదిగో."

కాగితం పాతది, ఇట్టే అంటుకుంది. ముసలామె దాని మీదే పసరు ఇంకో పొంగు రానిచ్చి, సిరిబో వైపు తిరిగి, ఎప్పుడు తిన్నావు అని అడిగింది. వాడు గడప దాటి వచ్చి కూర్చున్నాడు. ఆమె పళ్ళెం పెట్టింది.

అడవి సంగతి నలభై రెండు రోజుల తరవాత మాట్లాడదామని నానా కమిషనర్‌కి కబురు చెప్పాడు. ఆ పండుగకి మళ్ళీ నలభై రెండు రోజులనే ఉద్దేశంతో.

సోమవారం పొద్దున పోస్టాఫీసు నుంచి సిరిబో ఫోన్లో రిపోర్టు ఇచ్చాడు. కల్నల్ అంతా విని మెచ్చుకుని, ఫారంలో ఒక్క గడి ఖాళీగా ఉందన్నాడు. సాక్షి క్వాకు సఫో, మూలస్థలం?

"అసుఫిరి."

"అది ఉంటున్న ఊరయ్యా. అసలు ఎక్కడినుంచి వచ్చాడు?"

సిరిబో చుట్టూ చూశాడు. క్యూలో తన వెనక ఒచెయామె నిలబడి ఉన్నాడు, స్టాంపుల కోసం.

"సార్, మీరేం అడిగారో మీకు వినబడ్డట్టు లేదు, ఇక్కడివాళ్ళకి వినబడింది," అన్నాడు. "తప్పు ఒక గొర్రె, రెండు సీసాలు. మీ పేరు మీద నేను కట్టేస్తాను, జీతంలో కలిపి పంపండి."