సిద్దమ్మ పోసిన నీళ్లు

అశ్రిత చదువు మానేస్తానంది!

పొద్దున చాయ్ దగ్గర అన్న మాట. గట్టిగా కూడా అనలేదు. కప్పు కింద పెట్టి, "ఇగ నాతోటి గాదు బాపూ. రేపు పోయి సారుకు చెప్పొస్త" అని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. శామీర్‌పేటలోని ఆ ఇంట్లో చాయ్ దగ్గర ముగ్గురు మిగిలారు. తల్లి సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండ్రి నరసింహ మాత్రం ఇంకో బిస్కెట్ చాయ్‌లో ముంచుకున్నాడు. మూలన పీట మీద కూర్చున్న నాయనమ్మ సిద్దమ్మ తాగుతున్న గ్లాసు కింద పెట్టేసింది. మనవరాలి చదువు నోట్లో మన్ను కొట్టింది ఎవరో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు...

మేడ్చల్లో ప్లాట్లు అమ్మే నరసింహకు బిడ్డ పీహెచ్‌డీ ఏనాడూ అంతుపట్టలేదు. "సర్పంచ్‌గిరి గూడ అయిదేండ్లకు ఒడుస్తది. ఇదేం చదువే, ఆరేండ్లయినా ఒడువది" అని పెళ్లిళ్లలో నలుగురి ముందూ అనేవాడు. మొదటి ఏడు మళ్లీ పాఠాలూ పరీక్షలూ అయ్యాయి. రెండో ఏడు ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి పోయింది. మూడో ఏడు పరిశోధనకు దాచిన కంది విత్తనాలకు బూజు పట్టింది. నాలుగో ఏట పత్రికకు రాసి పంపిన వ్యాసం తిరిగి వచ్చిందని అశ్రిత మంచం దిగకుండా ఏడుస్తుంటే, సిద్దమ్మ మాత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి ఇంటిల్లిపాదికీ చక్కెర పంచింది. పోయింది తిరిగి రావడం కంటే భాగ్యం ఇంకేముంటుంది!

పాపం, ఆమె బతుకంతా పోయేవాళ్ల వీపులు చూడటంతోనే గడిచింది. అక్కలిద్దరూ పోయారు, పెనిమిటి పోయాడు, పెద్ద బిడ్డ నిజామాబాద్ కోడలై ఏడాదికి ఒక్కపూట కనిపించే చుట్టమైంది. ఇప్పుడు ఈ పిల్ల! చదువు పూర్తి కాగానే పుణెలో ఒక ల్యాబు వాళ్లు రమ్మన్నారట, మరో రెండేళ్లు అక్కడే పరిశోధనట. ఆ మాట విన్నప్పటి నుంచి సిద్దమ్మకు ముద్ద దిగడం లేదు.

అసలు సంగతి పెరట్లో ఉంది. మొన్న చైత్రంలో గాలిదుమారానికి యూనివర్సిటీలో మొక్కలుంచే షెడ్డు కప్పు లేచిపోయింది. గైడు హేమచంద్ సారు అనుమతితో అశ్రిత నలభై కంది కుండీలను ట్రాలీలో ఇంటికి తెచ్చి, పెరట్లో ప్లాస్టిక్ కప్పు కింద వరుసగా పేర్చింది. ఇరవై కుండీలకు పచ్చ చీటీలు, వాటికి రోజూ నీళ్లు. ఇరవైకి ఎర్ర చీటీలు, వాటికి ఇరవై రోజులు చుక్క పోయకూడదు. ఎర్రవాటిలో సగం కరువుకు ఓర్చుకునే కొత్త రకం, సగం మామూలు కంది. మామూలువి వాడిపోయి కొత్తవి నిలబడితే ఆరేళ్ల కష్టం పండినట్టే. "అవ్వా, ఎర్రవాటి దిక్కు పోకు" అని పిల్ల చెప్పింది కూడా.

నాలుగు రోజులు సిద్దమ్మ పోలేదు. అయిదో రోజు తెల్లవారి బియ్యం కడిగిన నీళ్లు పారబోయడానికి వెళితే, చివరి కుండీలోని మొక్క తల వేలాడేసి ఉంది. కరువు ఏట చేలగట్టున కూర్చుని ఎండిన కందిని చూసిన కళ్లవి. చేతిలో నీళ్లున్నాయి, ఎదురుగా దప్పిగొన్న ప్రాణి ఉంది. ఎట్లా మళ్లుతుంది మనిషి? ఒక్క గ్లాసు పోసింది. పోశాక పక్కది చూసింది. విస్తరి ముందు కూర్చోబెట్టి ఒకరికి వడ్డించి ఒకరికి మానేస్తే ఎంత పాపం! ఇరవైటికీ పోసింది. ఆ తర్వాత రోజూ అదే పని. సాయంత్రం అశ్రిత వచ్చేసరికి ఎండకు పైమన్ను పొడిగా ఉండేది.

ఇరవయ్యో రోజు హేమచంద్ సారు వచ్చి చూశారు. కొత్తది నిలబడింది, సరే. మామూలుది కూడా నవనవలాడుతూ నిలబడింది! సారు ఒక్కో చీటీ తిప్పి చూశారు. రకాలు కలగాపులగం చేశావా, లెక్క తప్పావా అని మాత్రం అడిగారు. అశ్రిత పది రోజులు పుస్తకాలన్నీ తిరగేసింది. తప్పు ఎక్కడా దొరకలేదు. దొరక్కపోయేసరికి తప్పు తనలోనే ఉందనుకుంది...

నరసింహ చాయ్ ముగించి, మంచిదే అయింది, రేపటి నుంచి తన ఆఫీసులో కూర్చోమని చెప్పమన్నాడు. సుశీల కళ్లు తుడుచుకుంది. సిద్దమ్మ లేచి మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి మనవరాలి తలుపు తట్టింది. నిజం చెబితే ఈ పిల్ల తన మొహం చూస్తుందో లేదో. చెప్పకపోతే పిల్ల ఇంట్లోనే ఉంటుంది, కళ్ల ముందే ఉంటుంది. కానీ ఇట్లా తలుపు వేసుకునే ఉంటుంది.

"తప్పు నీది గాదు బిడ్డా. నేనే నీళ్లు వోసిన."

తలుపు తెరుచుకుంది. అశ్రిత గుమ్మంలో నిలబడి చూసింది. వెనక నుంచి సుశీల వచ్చి నిలబడింది.

"ఎన్నడు వోసినవ్?" అంది అశ్రిత.

"పొద్దుగాల, నువ్వు లేవకముందు. అయిదో రోజు సంది. ఒక్కోదానికి గ్లాసెడు, బియ్యం కడిగిన నీళ్లు. ఎనిమిదో కుండీది జర నీరసంగుంటే దానికి గ్లాసున్నర."

"అత్తమ్మా," అంది సుశీల నెమ్మదిగా, "పిల్ల పుణె పోవద్దనే వోసిన్రా?"

"ఏమో సుశీలా... మొక్కను జూసే వోసిన. వోసినంక, ఇంకొక్క ఏడు ఈడనే ఉంటదేమోనని మనసు సల్లవడ్డది. అబద్ధమెందుకు?"

అశ్రిత గడప మీద కూర్చుండిపోయింది. ముందు ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. "పది దినాల సంది నిద్రవోలే అవ్వా. నాకు తెలివి లేదనుకున్న" అని ముసలామె ఒళ్లో తల పెట్టుకుంది. కాసేపటికి లేచి నోటుపుస్తకం తెచ్చి, ఏ రోజు ఎంత పోసిందో అవ్వ చెబుతుంటే అంతా రాసుకుంది.

హేమచంద్ సారు ఫోన్లో విని నవ్వారట. ఆయన చదువుకునే రోజుల్లో మూడో ఏటి పంటనంతా కోతులు తినిపోయాయట. ఈ ఇరవై రోజులు లెక్కలోకి రావు, జరిగింది జరిగినట్టు రాసిపెట్టి మళ్లీ విత్తు అన్నారు. ఏడో ఏడని వినగానే నరసింహ తల పట్టుకున్నాడు. పట్టుకుంటూనే తన ప్లాట్ల వెంచర్ నుంచి ఇనుప జాలీ తెచ్చి కుండీల చుట్టూ బిగించి తలుపు పెట్టించాడు, తాళం కూడా వేయించాడు.

అశ్రిత ఆ తాళంచెవి తెచ్చి సిద్దమ్మ చేతిలో పెట్టింది.

"నాకెందుకే? దొంగ చేతికే తాళమా?"

"గ్లాసున్నర గూడ దాచకుండ చెప్పినవ్. గంత నిజం చెప్పేటోళ్లు మా ల్యాబుల గూడ లేరవ్వా."

మళ్లీ విత్తారు, మళ్లీ మొలిచాయి, మళ్లీ ఎర్ర చీటీలు కట్టారు. సిద్దమ్మ రోజంతా జాలీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. తాళంచెవి బొడ్లో దోపుకున్నదే గానీ, పచ్చవాటికి పోయడానికి అశ్రిత వచ్చినప్పుడు తప్ప తలుపు తీయలేదు. ఆ మొక్కల ముందు తాను నీళ్లు తాగడానికి మనసొప్పక, గ్లాసు పట్టుకుని గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని గబగబా తాగేది. సుశీల చూసి నవ్వాపుకోలేకపోయేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మామూలు కందుల్లో ఒకటి మెడ వంచింది. ఆకు వాలిందంటే పిల్ల చదువు ఒక అడుగు ముందుకు పడినట్టు. పుణె బండి ఒక రోజు దగ్గరైనట్టు. సిద్దమ్మ దానివైపు చూస్తూ కూర్చుంది. ఒక్క గ్లాసు చాలు... ఎవరికీ తెలియదు. కొంగుతో ముక్కు తుడుచుకుని ఇంట్లోకి కేకేసింది.

"అశ్రితా, మూడో కుండీది వాలింది. వచ్చి రాసుకో బిడ్డా."