చదవని ప్యాచ్

“సాయంత్రమే రిలీజ్. కోడ్‌లో ఆ విషం ఎవరు కలిపారో ఈలోగా తేలాలి,” చీఫ్ గొంతు ఇయర్‌ఫోన్‌లో గరగరలాడింది. “అది బయటికెళ్తే ఆ విదేశీ ముఠా ఏ ఆసుపత్రిలో డ్రిప్ పంపునైనా ఆపేస్తుంది. గద్దా, వింటున్నావా?”

“వింటున్నా సార్.”

గద్ద అతని కోడ్ నేమ్. ఈ ఆఫీసులో మాత్రం రెండేళ్లుగా మామూలు ప్రోగ్రామర్. డ్రిప్ పంపులను నడిపే ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ఎవరైనా ప్యాచ్, అంటే చిన్న మార్పు, పంపవచ్చు. దాని బాగోగులు చూసే ఇద్దరు మెయింటైనర్లలో ఒకరు రాస్తే రెండోవారు చదివి ఒప్పుకోవాలి. ఎవరు రాశారో, ఎవరు ఒప్పుకున్నారో చిత్రగుప్తుడి చిట్టాలా చెరగకుండా ఉంటుంది.

అతడు ఆ మార్పుల చరిత్రను సగం చేసి పరీక్షించాడు. పాడైన సగాన్ని మళ్లీ సగం చేశాడు. చివరికి ఒకే కమిట్, ఒకే ఒక్క మార్పు, మిగిలింది. నమూనా డేటా నడుమ నక్కి ఉంది బ్యాక్‌డోర్, ముఠా చొరబడే దొంగదారి.

రాసింది రెండో మెయింటైనర్ పిచ్చుక. ఒప్పుకున్నది అతడే.

పిచ్చుక ఎదుటి బల్ల దగ్గరే ఉంది. అతనికి మొదటి ప్యాచ్ పంపడం నేర్పిన అందగత్తె. వచ్చే నెల అతని భార్య కావలసిన మనిషి.

“ఏంటోయ్, దయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?”

అతడు స్క్రీన్ తిప్పాడు. ఆమె నవ్వు ఆరిపోయింది.

“ఇన్నాళ్లకా చూడ్డం?”

“నీదే కదాని చదవలేదు.”

“చదువుతావనే పంపాను. మా తమ్ముణ్ణి పట్టుకుని ఆ ముఠావాళ్లు నాచేత రాయించారు. నువ్వప్పుడే వద్దనుంటే, నా తప్పేం లేదు, దొరికిపోయిందని వాళ్లకు చెప్పుకునేదాన్ని. నువ్వు గూఢచారివని మొదటి వారమే తెలుసు. అంత బుద్ధిగా కామెంట్లు రాసే ప్రోగ్రామర్ ఎక్కడుంటాడు?”

అతడు ఆ మార్పును వెనక్కి తిప్పే రివర్ట్ రాశాడు. దానికీ రెండో మెయింటైనర్ ఒప్పుకోవాలి. అంటే ఆమే. ఆ ఆమోదం ముఠాకూ కనబడుతుంది.

“తమ్ముణ్ణి కాపాడతారా?”

“ప్రయత్నిద్దాం,” అన్నారు చీఫ్ చెవిలో. ఆ మాటను యథాతథంగా చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆమె అతని ముఖంలోనే చదువుకుంది.

కోడ్‌లో చేసిన తప్పును వెనక్కి తిప్పుకోవచ్చు. మనిషికి ఆ వీలెందుకు లేదో భగవంతుడే చెప్పాలి.

స్క్రీన్ మీద రిలీజ్ గడువు చూపే గీత చివరికి పాకుతోంది. ఆమె ప్రతి వరుసా చదివింది. కళ్లు తుడుచుకుని అప్రూవ్ నొక్కింది. రిలీజ్ శుభ్రంగా వెళ్లింది.

తలుపు తెరుచుకుంది. చీఫ్ మనుషులు పిచ్చుక అరెస్టు కాగితాన్ని సంతకానికి అతని ముందు పెట్టారు.

“ఈసారైనా చదివి సంతకం పెట్టు,” అంది పిచ్చుక.

చదివాడు. మళ్లీ చదివాడు. వెనక్కి పంపడానికి ఒక్క తప్పైనా దొరకలేదు.